ఎల్లయ్య కాగితం మీద పడిన దరువు

లింగంపల్లి స్టేషన్ ముందు టీ బంకులో అడిగినా, మా ఫ్యాక్టరీ కాలనీ క్వార్టర్లలో ఏ ఇల్లాలిని అడిగినా ఎల్లయ్య కథ చెప్తారు. కాలనీ ఆసుపత్రిలో ఒక మెషిన్ ఉందట, మనిషి సంతోషమైన సంగతి తలుచుకుంటే కాగితం మీద పట్టేస్తుందట, క్రేన్ ఎల్లయ్య తన పెళ్ళిరోజు తలుచుకుంటే కలాలు ఎగిరెగిరి గీశాయట. ఇది ఒక రకం. ఇక మా డాక్టరుగారు నలుగురు డాక్టర్ల మధ్య చెప్పేది ఇంకో రకం. "మేము ఒక విచిత్రమైన కేసు కనిపెట్టాం" అని మొదలుపెడతారు. ఆ 'మేము'లో నేను ఎక్కడున్నానో నాకు ఇంతవరకూ తెలియలేదు.

రెండూ తప్పే. తలుచుకున్నది పెళ్ళిరోజు కాదు, మెషిన్ పట్టింది సంతోషాన్ని కాదు, కనిపెట్టింది 'మేము' కాదు. ఆ రోజు ఆ గదిలో పెన్సిల్ పట్టుకుని కూర్చున్నది నేను. కాబట్టి నేను చెప్తాను.

అది డెబ్బై ఐదు, మే నెల. మా కాలనీ ఆసుపత్రికి ఈఈజీ మెషిన్ వచ్చి ఆరేళ్ళయింది, నేనూ వచ్చి ఆరేళ్ళయింది. బి.యస్సీ. చదివి, ఆ పని ప్రత్యేకంగా నేర్చుకుని వచ్చినా నన్ను అందరూ "సిస్టర్" అనేవారు. "సిస్టర్ని కాను, టెక్నీషియన్ని" అని ఆరేళ్ళుగా చెప్తూనే ఉన్నాను. వినేవాళ్ళు వింటారు, మిగతావాళ్ళు నాకు నోరెక్కువంటారు.

ఈఈజీ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మెదడులో ఎప్పుడూ అతి కొద్దిగా విద్యుత్తు ఆడుతూ ఉంటుంది. తల మీద రబ్బరు పట్టీల వల బిగించి, దాని కింద ఉప్పునీటిలో తడిపిన చిన్న ఎలక్ట్రోడ్లు అమరుస్తాం. ఆ వచ్చే కాస్త విద్యుత్తునీ మెషిన్ కొన్ని లక్షల రెట్లు పెంచితే, ఎనిమిది సిరా కలాలు కదిలే కాగితం మీద ఎనిమిది గీతలు గీస్తాయి. అంతే. అది ఫోటో కాదు. ఊరి బయట నిలబడి, లోపల జాతర జరుగుతోందో జనం నిద్రపోతున్నారో చప్పుడుని బట్టి చెప్పగలం. ఏ ఇంట్లో ఎవరు ఏం మాట్లాడుకుంటున్నారో చెప్పలేం. ఈఈజీ కూడా అంతవరకే.

మెషిన్‌కి పెద్ద శత్రువు కొబ్బరినూనె. ఆసుపత్రికి వెళ్తున్నామంటే మనవాళ్ళు ముందు చేసే పని తలకి దట్టంగా నూనె పట్టించి, నున్నగా దువ్వుకోవడం. డాక్టరు దగ్గరికి మర్యాదగా వెళ్ళాలి కదా! ఆ నూనె మీద ఎలక్ట్రోడ్ పెడితే మెదడు గీతలు రావు, గోడలోని కరెంటు గీతలు వస్తాయి. అందుకని నా గదిలో ఎప్పుడూ కుంకుడుకాయల డబ్బా ఉండేది. సగం ఉద్యోగం తలంటడమే.

రెండో శత్రువు భయం. కళ్ళు మూసుకుని నిమ్మళంగా ఉన్న మనిషికి తల వెనక భాగం నుంచి సెకనుకి పది చొప్పున అందమైన అలలు వస్తాయి. దాన్ని ఆల్ఫా రిథమ్ అంటారు. కళ్ళు తెరిస్తే అణిగిపోతుంది. ఆ ఆల్ఫా బాగా కనబడితే డాక్టరుకి మిగతాది చదవడం తేలిక. పుస్తకంలో "రోగిని రిలాక్స్ అవమని చెప్పండి" అని ఉంటుంది. ఆ మాట రాసినాయన ఎప్పుడైనా ఎవరికైనా చెప్పి చూశాడో లేదో! "రిలాక్స్ అవండి" అనగానే మనిషి కొయ్యబారిపోతాడు. అందుకని నేను నా పద్ధతి ఒకటి పెట్టుకున్నాను. "కళ్ళు మూసుకుని, మీ జీవితంలో ఒక మంచి రోజు తలుచుకోండి" అనేదాన్ని. చాలామందికి భుజాలు దిగేవి, నుదుటి ముడి విడిపోయేది, ఆల్ఫా వచ్చేది. కొందరు మరీ లోతుగా తలుచుకుంటే ఆల్ఫా పలచబడేది కూడా. ఎందుకో నేను చెప్పలేను.

ఒకసారి డాక్టరుగారు ఆ మాట విన్నారు. "సుభద్రగారూ, మనం ఇక్కడ రికార్డింగ్ చేస్తున్నాం, జోల పాడటం లేదు" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. పద్ధతి మానలేదు గానీ ఒక పని మానేశాను. రికార్డింగ్‌లో మేము ఏం చెప్పినా కాగితం అంచున ఆ క్షణంలోనే పెన్సిల్‌తో రాయాలి: కళ్ళు మూశారు, తెరిచారు, దగ్గారు, కదిలారు. 'మంచి రోజు తలుచుకోమన్నాను' అని మాత్రం రాయడం ఆపేశాను. ఆయనతో మళ్ళీ మాటలు పడటం ఎందుకని.

ఎల్లయ్య పుప్పాలగూడ మనిషి. ముప్ఫై ఐదేళ్ళుంటాయి. వాళ్ళ నాన్న రాళ్ళు కొట్టేవాడు. ఎల్లయ్య రోజూ సైకిలు తొక్కుకుంటూ ఫ్యాక్టరీకి వచ్చి, షెడ్డు కప్పు కింద పట్టాల మీద నడిచే పెద్ద క్రేన్ నడిపేవాడు. ఆ ఊరి నుంచి క్రేన్ ఎక్కిన మొదటి మనిషి అతనే. ఆ మేలో ఒక శనివారం డ్యూటీ దిగుతూ నిచ్చెన చివరి మెట్ల దగ్గర కళ్ళు తిరిగి పడిపోయాడు. చెయ్యి కాస్త కొట్టుకుందని పక్కవాడెవడో "ఫిట్స్" అన్నాడు. ఆ ఒక్క మాట చాలు. జనం తలల మీదుగా టన్నుల కొద్దీ ఇనుము మోసే మనిషికి ఫిట్స్ ఉన్నాయన్న అనుమానం వస్తే క్రేన్ ఎక్కనివ్వరు, ఎక్కనివ్వకూడదు కూడా. పరీక్ష తేలేవరకూ అతన్ని కింద షెడ్డు ఊడవడానికి వేశారు.

నా గదికి నూనె కారుతున్న తలతో వచ్చాడు. తలంటి, ఆరబెట్టి, వల బిగిస్తుంటే అడిగాడు.

"అమ్మా, గీ వైర్లల్ల కరెంటు ఉంటదా?"

"నీ తల్లోంచి మాకు వస్తుంది. మా దగ్గర్నుంచి నీకు రాదు."

"నా తలల కరెంటా! గట్లయితే మా ఇంట్ల కరెంటు బుగ్గ ఎలుగుతదా?"

"మీ ఊరికి కరెంటు వచ్చిందా అసలు?"

"వచ్చింది. ఉండదు, గంతే."

నవ్వాను. తర్వాత కళ్ళు మూసుకోమని, నా మంత్రం చదివాను. ఒక మంచి రోజు తలుచుకో ఎల్లయ్యా. రెండో కలంలో సిరా గడ్డకట్టి గీత తెగుతోంటే సన్నని తీగతో పొడుస్తూ దాని మీదే వంగి ఉన్నాను. తల ముందు వైపు గీతల్లో పెద్ద పెద్ద నెమ్మది అలలు వస్తున్నాయని చూశాను గానీ, అతని మొహం చూడలేదు. మెలకువగా ఉన్న మనిషికి అంత నెమ్మది అలలు, గుంపులు గుంపులుగా రాకూడదు. కాగితం మడిచి డాక్టరుగారి బల్ల మీద పెట్టాను.

ఆయన గురువారం గురువారం వచ్చేవారు. ఆ గురువారం చదివి, 'అసాధారణం' అని రాశారు. ఫిట్స్ అనుమానం తీరలేదు, మందులు మొదలుపెట్టాలి, క్రేన్ వద్దు.

మర్నాడు ఉదయం నా గది తలుపు దగ్గర ఒక ఆడమనిషి నిలబడింది. సన్నగా, పొడుగ్గా, చేతిలో సద్దిగిన్నె.

"వైర్లు పెట్టిన అమ్మవు నువ్వేనా?"

"నేనే. నువ్వెవరు?"

"ఎల్లయ్య పెండ్లాన్ని, లచ్చమ్మను. మా ఆయనకు మూర్ఛ లేదు, గీర్ఛ లేదు. శనివారం ఒక్కపొద్దు ఉన్నడు. పొద్దుగాల చాయ కూడ తాగలే. రేకుల కింద గంత ఎండల కూసుంటే ఎవరికి కండ్లు తిరగవు? నీకు తిరగవా?"

"తిరుగుతాయి."

"మరి గట్ల రాయరాదు!"

"రాసేది నేను కాదమ్మా, డాక్టరు. గీసేది మెషిన్."

"మెషిన్‌కు ఏమెరుక ఒక్కపొద్దు? నీకెరుక గద!" అంది. గొంతు తగ్గించి ఇంకో మాట అంది. "ఆయన చీపురు పట్టుకుంటే వాళ్ళ నాయిన చూసిండమ్మా. గేటు కాడికి వచ్చి చూసి, ఎనుకకు తిరిగి ఎల్లిపోయిండు. అప్పటిసంది ఆయన బువ్వ సక్కగ తింటలేడు."

నాతో అంత నిలదీసి మాట్లాడిన మనిషి ఆ ఆసుపత్రిలో ఎవరూ లేరు. నాకు నచ్చింది. ఆమె వెళ్ళాక బీరువాలోంచి ఎల్లయ్య కాగితం తీసి నేలంతా పరిచాను. మోకాళ్ళ మీద కూర్చుని మొదటి నుంచి చూస్తే, నెమ్మది అలలు మొదట్లో లేవు. కళ్ళు మూశాడు అని నా పెన్సిల్ రాత ఉంది. తర్వాత శుభ్రమైన ఆల్ఫా. ఇంకొంచెం తర్వాత, ఏ రాతా లేని చోట, అలలు మొదలయ్యాయి. ఏ రాతా లేని ఆ చోటు ఏమిటో నాకు తెలుసు. మంచి రోజు తలుచుకోమన్నది అక్కడే.

నా మంకుపట్టు వల్ల రాయని ఒక్క వాక్యం అతని చేతిలోంచి చీపురు దిగనివ్వలేదు. ఇది రాయడానికి నాకేం సరదా కాదు. కానీ మిగతాదానికి నేను గర్వపడాలంటే ఇది కూడా రాయాలి.

తర్వాతి గురువారం డాక్టరుగారికి అంతా చెప్పేశాను. తిడతారనుకున్నాను. ఆయన కళ్ళు మెరిశాయి.

"అంటే సంతోషమైన జ్ఞాపకం వల్ల మెదడులో ఈ అలలు వస్తున్నాయన్నమాట! ఇది చాలా కొత్త సంగతి సుభద్రగారూ. ఇంకో పదిమంది మీద చేద్దాం. అంతవరకూ ఈ కేసు పెండింగ్‌లో ఉంచుదాం."

"పెండింగ్ అంటే అతను ఊడుస్తూనే ఉంటాడు కదండీ?"

"కొన్నాళ్ళే కదమ్మా."

"ఆరేళ్ళుగా వందలమందిని మంచి రోజు తలుచుకోమన్నాను. ఎవరికీ ఇలాంటి అలలు రాలేదండీ. సంతోషమైతే అందరికీ రావాలి కదా? లోకంలో సంతోషపడ్డది ఎల్లయ్య ఒక్కడేనా?"

"అందరూ నిజంగా తలుచుకున్నారని ఏమిటి రుజువు?" అన్నారాయన.

"ముందు ఎల్లయ్యకే మళ్ళీ తీసి చూద్దామండీ" అన్నాను. రుజువు నా చేతిలో ఉన్నట్టే బయటికి వచ్చాను. అదొక కళ.

మళ్ళీ రికార్డింగ్‌కి మాత్రం ఒప్పుకున్నారు. సోమవారం ఎల్లయ్యని పిలిపించాను. ఈసారి తలకి నూనె లేదు, లచ్చమ్మే కుంకుడుకాయతో అంటి పంపింది. వల బిగించి, అన్నీ రాసుకుంటూ మొదలుపెట్టాను. మంచి రోజు తలుచుకో అన్నాను, ఆ మాట కాగితం మీద పెద్ద అక్షరాలతో రాశాను. పది సెకన్లు గడిచాయో లేదో, వచ్చాయి. అవే అలలు. మూడు పెద్దవి, ఒక ఖాళీ, రెండు చిన్నవి, ఒక ఖాళీ, మళ్ళీ మూడు పెద్దవి.

ఇంత లెక్కగా రోగం వస్తుందా? కాగితం మీది గళ్ళు సెకన్లు చెప్తాయి కాబట్టి, ఆ గళ్ళ వెంట చూపు నడుపుతూ పెన్సిల్‌తో బల్ల మీద కొట్టి చూశాను. టక్ టక్ టక్... టక టక... టక్ టక్ టక్.

కళ్ళు తెరవకుండానే ఎల్లయ్య నవ్వాడు.

"అమ్మా, గిది నీకెట్ల ఎరుక?"

"ఏది?"

"నువ్వు కొడుతున్నది మా చిరుతల దరువు."

మా వైపు చిడతలంటాం. చేతిలో పట్టుకుని వాయించే చెక్క పలకలు. వాళ్ళ ఊళ్ళో చిరుతల భజన జట్టు ఉందట, అందులో తండ్రి ముందుపాట పాడేవాడట. మెషిన్ ఆపకుండానే అడిగాను.

"నువ్విప్పుడు పాడుతున్నావా?"

"లేదమ్మా, మూతి మూసుకునే ఉన్న."

"నోట్లో?"

"నోట్లె అంటే... నాలిక తిరుగుతది. ఆ దినం తలుచుకుంటే పాట రాకుంట ఎట్లుంటది?"

వంగి అతని గడ్డం కింద చూశాను. పెదవులు కదలడం లేదు. గడ్డం కింద చర్మం మాత్రం, దరువుకి తగ్గట్టు, సన్నగా ఎగిరి పడుతోంది.

మా పనిలో ఆర్టిఫాక్ట్ అనే మాట ఉంది. మెదడు నుంచి కాక వేరే చోటి నుంచి వచ్చి గీతల్లో దొంగలా చేరేది. కనురెప్ప కొట్టుకుంటే వస్తుంది, పళ్ళు బిగిస్తే వస్తుంది, చెమట పోసినా వస్తుంది. నాలుకకి కూడా విద్యుత్తు ఉంటుంది. కొసకీ మొదలుకీ తేడా ఉంటుంది, అది ఆడితే తల ముందు భాగంలో అచ్చం జబ్బు అలల్లాంటి అలలు వస్తాయి. పుస్తకంలో ఎక్కడో ఒక మూల రెండు వాక్యాలు చదివాను. ఆరేళ్ళలో కంటితో చూడటం అదే మొదలు.

గురువారం డాక్టరుగారు రాగానే ఆయన్ని కుర్చీలో కాదు, మెషిన్ పక్కన స్టూలు మీద కూర్చోబెట్టాను. ఎల్లయ్య తలకి కాదు, ముందు నా తలకే వల బిగించుకున్నాను. ఒక ఎలక్ట్రోడ్ దవడ కింద అదనంగా పెట్టించుకున్నాను. మెషిన్ నడిపింది మా అటెండర్ వెంకమ్మ. ఎలా నడపాలో నేనే నేర్పాను, ఎవరికీ చెప్పకుండా.

"ఇప్పుడు నాకేమీ సంతోషమైన జ్ఞాపకాలు లేవండీ, మీ మీద కోపంగా ఉన్నాను" అన్నాను. "అయినా చూడండి." కళ్ళు మూసుకుని, పెదవులు కదపకుండా, నోట్లోనే లాలాలా, లాలాలా అనుకున్నాను.

కలాల చప్పుడు మారింది. వెంకమ్మ "అమ్మో" అంది. డాక్టరుగారు స్టూలు నా దగ్గరికి జరుపుకుని "నాలుకా?" అన్నారు. కళ్ళు తెరిచి చూస్తే, కాగితం మీద ఎల్లయ్య అలలే, నా తల్లోంచి. దవడ కింది గీతలో అన్నిటికన్నా పెద్దవి.

"మీ నాలుక గురించి ఆసుపత్రిలో అందరూ చెప్తుంటే ఏమో అనుకున్నాను" అన్నారాయన. "ఇంత బలమైనదని కాగితం మీద చూస్తాననుకోలేదు."

"జబ్బు అని రాస్తారా మరి?"

"రాయను. రాస్తే మీరు ఊరుకుంటారా?"

ఆయన మంచివారే. ఒప్పుకోవాల్సింది కళ్ళముందు పెడితే ఒప్పుకునే మనిషి. అలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారు కనక!

ఇక ఎల్లయ్య వంతు. అతనికి కూడా దవడ కింద ఎలక్ట్రోడ్ పెట్టాను. మామూలుగా తలుచుకోమంటే అలలు వచ్చాయి, దవడ కింద ఇంకా పెద్దగా వచ్చాయి. అప్పుడు మడిచిన గాజుగుడ్డ నాలుక మీద పెట్టి, నాలుకని పళ్ళ మధ్య మెల్లగా పట్టుకోమన్నాను. గట్టిగా కొరికితే దవడ కండరాలు గీతల్ని పాడుచేస్తాయి. నాలుక కదలకూడదు, దవడ బిగియకూడదు. పదిసార్లు ప్రయత్నిస్తే కుదిరింది. "ఇప్పుడు తలుచుకో, అదే రోజు" అన్నాను.

కాగితం నిమ్మళంగా నడిచింది. తల వెనక సెకనుకి పది చొప్పున ఆల్ఫా, ముందు వైపు ఖాళీ. నెమ్మది అల ఒక్కటి లేదు. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. అంత అందమైన కాగితం నా సర్వీసులో తక్కువ చూశాను. డాక్టరుగారు అక్కడే నిలబడి 'సాధారణం' అని రాసి సంతకం పెట్టారు. పడిపోవడం ఉపవాసం, ఎండ వల్ల అని కింద ఇంకో వాక్యం రాశారు. ఆ వాక్యం అందించింది నేను, అసలు మాట లచ్చమ్మది. ఆయనకి తెలియదు, నాకు తెలుసు.

ఆ నెలాఖరుకి ఎల్లయ్య క్రేన్ ఎక్కాడు. నేను చూడటానికి వెళ్ళాను. ఆడవాళ్ళు షెడ్డులోకి రాకూడదని గేటు దగ్గర ఒకడు అంటే, "నేను టెక్నీషియన్ని" అన్నాను. ఆరేళ్ళలో మొదటిసారి ఆ మాట పనిచేసింది. పైన క్యాబిన్‌లోంచి ఎల్లయ్య చెయ్యి ఊపాడు. కింద ఒక ముసలాయన, రాళ్ళు కొట్టి కాయలు కాసిన చేతులు వెనక్కి కట్టుకుని, మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూస్తూనే ఉన్నాడు.

అప్పటినుంచి నేను రోగితో అన్న ప్రతి మాటా కాగితం మీద రాస్తాను. తిట్టినా రాస్తాను. డాక్టరుగారే ఫారంలో దానికొక గడి పెట్టించారు. నా తర్వాత ఇద్దరమ్మాయిలకి ఈ పని నేర్పాను. ఇద్దరికీ మొదటి పాఠం ఇదే: కలాల్ని చూడండి, కానీ ముందు మనిషి మొహం చూడండి. కలం గడ్డకడితే తీగ ఉంది. మనిషి విషయంలో మన కంటికి పొరపాటైతే తీగ లేదు.

ఇక్కడితో ఆపితే బాగుంటుంది. కానీ ఆ రోజు వల విప్పుతూ నేను అడిగిన ఒక మాట మిగిలింది. "ఏ రోజు తలుచుకున్నావు ఎల్లయ్యా?" అన్నాను.

చెప్పాడు. ఫ్యాక్టరీ పనికి పోతానన్నందుకు తండ్రి అతనితో మాట మానేశాడట. ఏడాది తర్వాత జట్టంతా నడుచుకుంటూ నిజాంపేటకి భజనకి పోయారట. పాట మధ్యలో తండ్రి గొంతు పోయింది. ఎల్లయ్య వెనక వరసలోంచి అందుకున్నాడు. పాట అయ్యాక తండ్రి తన చిరుతలు తీసి అందరి ముందూ కొడుకు చేతిలో పెట్టాడు.

"నాలుక పట్టుకున్నప్పుడు కూడా అదే తలుచుకున్నావా?"

"తలుచుకున్ననమ్మా. నాయిన అగుపడ్డడు. నిలబడి ఉన్నడు, గంతే. పాట లేదు గద. పాట లేకుంటే నాయిన చెయ్యి ముందల్కి రాలే."

అతన్ని క్రేన్ ఎక్కించిన కాగితం నా దగ్గర ఇప్పటికీ భద్రంగా ఉంది. ఏ తప్పూ లేని కాగితం. అందులో ఆ చిరుతలు అతని చేతికి రాలేదు. అవి వచ్చిన కాగితాన్ని మేమంతా కలిసి ఆర్టిఫాక్ట్ అని కొట్టేశాం, కొట్టేయడం న్యాయమే. కానీ నాలుక కదలనిదే రాని ఆ క్షణం మెదడులో ఉందా, నాలుక మీద ఉందా, వాళ్ళ నాయన చేతిలోనే ఉండిపోయిందా? తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. నేను వాదించకుండా వింటాను.